రక్షణ విశ్వాసంతోనా, మంచి పనులతోనా? మా బైబిల్ క్లాసులో తరచుగా అడిగే ప్రశ్నలు

మా చర్చి చెన్నైలో పెరంబూర్ వైపు ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక మేడ మీద గదిలో పెద్దవాళ్లకు బైబిల్ క్లాసు పెడతాం. పేరుకు క్లాసే గానీ సగం సమయం టీ తాగుతూ వాదించుకోవడంతోనే గడిచిపోతుంది. ఐసీఎఫ్ అనే రైలు పెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యానని, ఖాళీగా ఉంటానని ఆ క్లాసు నాకు అప్పజెప్పారు. నేను పాస్టర్‌ని కాను, వేదాంత కళాశాల గడప తొక్కలేదు. కానీ ఏ సంవత్సరం చూసినా అవే ప్రశ్నలు వస్తుంటే, ఒకచోట రాసి పెడితే కొత్తవాళ్లకు పనికొస్తుందని మా వాళ్లు అన్నారు. వాళ్లు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు పెట్టాను.

రక్షణ అంటే ఏంటి అంకుల్? మోక్షం, రక్షణ ఒకటేనా?

రక్షణ అంటే కాపాడడం. మునిగిపోయేవాడిని జుట్టు పట్టుకుని ఒడ్డుకు లాగితే అది రక్షణ. లాగినవాడి గొప్పే తప్ప మునిగినవాడి గొప్ప అందులో ఏమీ ఉండదు. పాపం నుంచి, దాని వెంట వచ్చే మరణం నుంచి, దేవుడికీ మనిషికీ మధ్య పడిన ఎడం నుంచి కాపాడడం అనే అర్థంలో బైబిలు ఈ మాట వాడుతుంది. తమిళంలో చదువుకున్న మన పిల్లలు 'రట్చిప్పు' అనేదీ దీన్నే. బయటివాళ్లకు మాత్రం రక్షణ అంటే రక్షణ మంత్రి గుర్తొస్తాడు, అది వేరే సంగతి.

మోక్షం అనే మాట మన పాత కీర్తనల్లోనూ ఉంది. అయితే ఆ మాట వినగానే మామూలు తెలుగువాడికి జన్మల చక్రం నుంచి బయటపడడం తోస్తుంది. క్రైస్తవ బోధలో ఉన్నది ఒక్క జీవితమే, ఆ తర్వాత తీర్పు. ఈసారి తప్పితే వచ్చే జన్మలో సర్దుకుందాం అనే వీలు లేదు. అందుకే 'నేను చేసినవి సరిపోతాయా' అనే టెన్షన్ ఇక్కడ ఇంకా ఎక్కువ.

నేను ఎవరికీ చెడు చెయ్యలేదు. అప్పు ఎగ్గొట్టలేదు, తాగలేదు. మంచివాడిగా బతికితే చాలదా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు నిజంగానే మంచివాళ్లు. మా వీధిలో సగం మంది ఇలాంటివాళ్లే. అందుకే జవాబు చెప్పడం కష్టం.

లూకా సువార్త 7వ అధ్యాయంలో యేసు ఒక చిన్న కథ చెప్పాడు. ఒక షావుకారికి ఇద్దరు బాకీ. ఒకడు అయిదు వందల దేనారాలు, ఇంకొకడు యాభై. దేనారం అంటే ఆ రోజుల్లో ఒక దినకూలీ. మనం ఆ కథ చదివేటప్పుడు అయిదు వందలకూ యాభైకీ తేడా చూస్తాం. అసలు మాట దాని తర్వాత ఉంది: తీర్చడానికి ఇద్దరి దగ్గరా ఏమీ లేదు. మళిగై కొట్టు, అంటే కిరాణా కొట్టు, ఖాతా పుస్తకంలో నా పేజీ పక్కవాడి పేజీ కంటే తక్కువ నిండి ఉండొచ్చు. కానీ జేబులో పైసా లేనప్పుడు చిన్న బాకీ, పెద్ద బాకీ అని కాలరెగరేయడానికి లేదు. ఆ కథలో షావుకారు ఇద్దరి బాకీలూ కొట్టేశాడు.

తొలి క్రైస్తవ బోధకుడు పౌలు ఎఫెసీ సంఘానికి రాసిన మాట ఈ బోధకు మూలస్తంభం: 'మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే. అది క్రియలవలన కలిగినది కాదు గనుక ఎవడును అతిశయపడ వీలులేదు.' చివరి ముక్క మీద నాకు ఎప్పుడూ కన్ను ఆగుతుంది. పనులు చెడ్డవని పౌలు అనడం లేదు. వాటిని దేవుడి ముందు బిల్లులా పరిచి, 'ఇదిగో నేను కట్టింది, రసీదు ఇవ్వు' అనే అతిశయాన్ని తీసేస్తున్నాడు.

సరే, విశ్వాసం అంటే ఏంటి? నమ్మడం కూడా నేను చేసే ఒక పనే కదా?

మంచి ప్రశ్న. కాలేజీ పిల్లలు తప్ప ఇంకెవరూ అడగరు.

పాత వేదాంతులు విశ్వాసంలో మూడు సంగతులు ఉన్నాయన్నారు: తెలుసుకోవడం, ఒప్పుకోవడం, ఆనుకోవడం. డాక్టర్ ఉన్నాడని తెలుసు. మంచి డాక్టరేనని ఒప్పుకుంటాను. కానీ ఆపరేషన్ బల్ల ఎక్కమంటే ఎక్కను. అప్పుడు నా నమ్మకం రెండో మెట్టు దగ్గరే ఆగింది. దయ్యాలు కూడా దేవుడున్నాడని 'నమ్మి వణకుచున్నవి' అని యాకోబు పత్రిక వెటకారంగా అంటుంది. వాటి సమాచారంలో లోపం లేదు, ఆనుకోవడమే లేదు.

ఇక అది పనేనా అంటే, అన్నం పెడుతుంటే ఆకు ముందు కూర్చున్నవాడు చెయ్యి చాపుతాడు. చెయ్యి చాపినందుకు కూలి అడగడు. విశ్వాసం ఆ చాపిన చెయ్యి లాంటిది. కడుపు నింపేది అన్నం, చెయ్యి కాదు. 'నా విశ్వాసం చూడండి ఎంత గొప్పదో' అని మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పేవాళ్లు చెయ్యిని చూసి మురిసిపోతున్నారని నాకు అనిపిస్తుంది.

పౌలు రాసిన రోమా పత్రిక 4వ అధ్యాయంలో, యూదుల మూలపురుషుడు అబ్రాహాము దేవుణ్ణి నమ్మాడనీ, అది అతనికి నీతిగా 'ఎంచబడెను' అనీ ఉంటుంది. ఈ 'ఎంచు' అన్న తెలుగు మాట చాలా బాగా కుదిరింది. ఎంచడం అంటే లెక్కపెట్టడం. గ్రీకులో ఉన్నదీ లెక్కల మాటే. పని చేసినవాడికి ఇచ్చే జీతం బాకీ తీర్చడమే గానీ దానం కాదని పౌలు అక్కడే చెప్తాడు. మనకు జమ అయినది మనం సంపాదించింది కాదు, క్రీస్తుది. అంటే లెక్క లేదని కాదు, మన పేజీలో ఇంకొకరి జమ రాశారని.

ఇది అమెరికా దొరలు తెచ్చిన బోధ కదా? మన తాతలు కరువులో అన్నం కోసం చేరారని మా ఆఫీసులో అంటారు.

బోధ మొదటి శతాబ్దానిది. పౌలు యూదుడు, అమెరికా అప్పటికి ఎవరికీ తెలియదు. జర్మనీలో మార్టిన్ లూథర్ 1517 అక్టోబరు 31న డబ్బు కడితే పాపానికి శిక్ష తగ్గుతుందని చర్చి ఇచ్చే పాపపరిహార పత్రాల అమ్మకం మీద 95 వాదాలు బయటపెట్టినప్పుడు ఇది మళ్లీ పెద్ద గొడవైంది. తెలుగులోకి వచ్చిన దారి మన ఊరి మీదుగానే వచ్చింది. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ లూథరన్ 1726లో తరంగంబాడి నుంచి మద్రాసు వచ్చి, తెలుగు నేర్చుకుని, వ్యాకరణం రాసి, బైబిలు అనువాదానికి పూనుకున్నాడు. 1743లో తిరిగి వెళ్లాక జర్మనీలోని హాలె పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలుగా వాటినే చెబుతారు.

కరువు సంగతి దాచాల్సిన పని లేదు. మా తాత వాళ్లది ఒంగోలు వైపు. 1876 నుంచి 78 దాకా వచ్చిన కరువులో మనుషులు ఆకులూ గడ్డలూ తిన్నారు. ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌకు సర్వేయింగ్ పని తెలుసు. ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్లు కాంట్రాక్టు తీసుకుని కరువు బాధితులకు పని, కూలి ఇప్పించాడు. ఇప్పుడు మన బీచ్-వేళచ్చేరి రైలు స్తంభాలు ఏ కాలువలో నిలబడ్డాయో, అది ఆ కాలువే. కూవం నుంచి అడయారు దాకా ఉన్న మద్రాసు ముక్కను కూడా అదే కరువులో కూలీలతో తవ్వించారు. ఇవాళ ముక్కు మూసుకుని దాటుతాం.

మన ఆఫీసు మిత్రులకు తెలియని సంగతి ఇంకొకటి ఉంది. కూలి ఇస్తున్నన్నాళ్లూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. జనం అడిగినా ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారనే మాట రాకూడదని, వాళ్లకే ఆ అనుమానం మిగలకూడదని. కూలి పనులు ముగిశాక, 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లందరి మనసుల్లో ఏముందో నేను చెప్పలేను. కొందరు అన్నం గుర్తుంచుకునే వచ్చి ఉంటారు. ఆకలిగా ఉన్నవాణ్ణి తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

కానీ వాళ్లను లాగిందేమిటో నాకు ఒక ఊహ ఉంది. ఆ రోజుల్లో మాదిగపల్లెల్లో ఉన్నవాళ్లకు పుణ్యం చేసే దారే లేదు. గుడిలోకి రానివ్వరు. దానం చేయడానికి గింజ లేదు. చదవడానికి అక్షరం లేదు. వ్రతం, యాత్ర, అన్నదానం ఇవన్నీ పొలం ఉన్నవాడికి, పుట్టుక ఉన్నవాడికి అందేవి. పుణ్యం సంపాదించడానికీ స్తోమత కావాలి. అలాంటివాళ్ల దగ్గరికి యెర్రగుంట్ల పేరయ్య లాంటివాడు, వాళ్లలోనే పుట్టినవాడు, వచ్చి 'నువ్వేమీ తేనక్కర్లేదు, ఉన్నవాడివి ఉన్నట్టు రా' అంటే ఎలా వినిపించి ఉంటుంది? క్రియల వల్ల కాదు అన్న మాట పుస్తకాల్లో ఒక సిద్ధాంతం. చేతిలో ఏమీ లేనివాడికి అది తలుపు తెరిచిన చప్పుడు.

నమ్మితే చాలంటే, ఇక ఎవడిష్టం వచ్చినట్టు వాడు బతకొచ్చుగా?

ఈ వెటకారం పౌలు బతికుండగానే మొదలైంది. 'కృప విస్తరింపవలెనని పాపమందు నిలిచియుందుమా? అట్లనరాదు' అని ఆయనే రాశాడు. ఆ ఎఫెసీ వాక్యాన్ని 9వ వచనం దగ్గర ఆపేసేవాళ్లు 10వది కూడా చదవాలి. మనం సత్‌క్రియలు చేయడం కోసమే సృష్టించబడ్డామని అందులో ఉంది. మంచి పనులతో రక్షణ కొనలేం, రక్షణ దొరికినవాడికి మాత్రం అవే పని. మామిడికాయలు కట్టినంత మాత్రాన వేపచెట్టు మామిడి కాదు.

యాకోబు మాత్రం 'విశ్వాసమూలమున మాత్రము కాక క్రియల మూలమునను' అన్నాడు. బైబిల్లోనే కొట్లాట ఉంటే మమ్మల్ని ఏం నమ్మమంటారు?

లూథర్‌కే ఈ పత్రికతో పడలేదు. 1522లో తన జర్మన్ కొత్త నిబంధన ముందుమాటలో దాన్ని గడ్డి పత్రిక అనేశాడు. రోమా 3:28లో గ్రీకులో లేని 'మాత్రమే' అన్న మాటను అనువాదంలో చేర్చిందీ ఆయనే. అర్థం అదేనని చివరిదాకా సమర్థించుకున్నాడు. నాకు ఆ పెద్దమనిషి మీద ఎంత గౌరవమున్నా, గడ్డి అన్న మాట మాత్రం తొందరపాటే అనిపిస్తుంది.

ఇద్దరూ అబ్రాహామునే ఉదాహరణగా తీసుకుంటారు. పౌలు ఆదికాండం 15వ అధ్యాయం దగ్గర నిలబడతాడు. అక్కడ అబ్రాహాముకు సున్నతి లేదు, ఇస్సాకు పుట్టలేదు, ఆకాశంలో నక్షత్రాలు చూసి దేవుడి మాట నమ్మాడు, అంతే. యాకోబు 22వ అధ్యాయానికి వెళ్తాడు. ఎన్నో ఏళ్ల తర్వాత, కొడుకును బలి ఇవ్వడానికి కొండ ఎక్కిన రోజు. ఆ మొదటి నమ్మకం ఉత్త మాట కాదని ఆ రోజు తెలిసింది. పౌలు వాదన లెక్కలు చూపేవాడితో. యాకోబు వాదన సోమరిపోతుతో. ఇద్దరి రోగాలూ వేరు కాబట్టి మందులూ వేరు.

యాకోబు ఇచ్చిన ఉదాహరణ చదవండి. తిండి, బట్ట లేని సహోదరుడితో 'సమాధానముగా వెళ్లుడి, చలి కాచుకొనుడి, తృప్తిపొందుడి' అని చెప్పి చేతిలో ఏమీ పెట్టకుండా పంపేసేవాడు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చి మన వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు నాకు ఆ వచనం బాగా అర్థమైంది. ఫోన్‌లో 'ప్రార్థన చేస్తున్నాం బ్రదర్' అని మెసేజ్‌లు కుప్పలుగా వచ్చాయి. మోకాలి లోతు నీళ్లలో పాల ప్యాకెట్లు పట్టుకొచ్చింది మాత్రం కింది వాటాలో ఉండే ముస్లిం కుర్రాడు. ప్రార్థన మెసేజ్‌లు పంపినవాళ్లలో నేనూ ఉన్నాను, వేరేవాళ్లకు.

జీవితమంతా రౌడీగా బతికి, చావబోయే ముందు నమ్మినవాడికీ, యాభై ఏళ్లు చర్చికి వచ్చిన మా అమ్మకీ ఒకటే ఫలితమా? ఇది న్యాయమేనా?

న్యాయం కాదు. కనీసం మన కూలి లెక్కల్లో కాదు. బైబిల్లోనూ ఇదే గొణుగుడు ఉంది.

మత్తయి 20లో ఉన్న ద్రాక్షతోట కథ మన ఊరివాళ్లకు బొమ్మ కట్టినట్టు కనిపిస్తుంది. తెల్లవారుజామున కూలీలు జంక్షన్‌లో టిఫిన్ డబ్బాలతో నిలబడతారు. మేస్త్రి వచ్చి గట్టిగా ఉన్నవాళ్లను ఏరుకుని వ్యాన్ ఎక్కిస్తాడు. పది దాటితే మిగిలినవాళ్లు ముసలివాళ్లు, దగ్గేవాళ్లు. మధ్యాహ్నం దాకా అక్కడే ఉంటారు, ఇంటికి ఉత్త చేతులతో పోలేక. ఆ కథలో యజమాని సాయంత్రం అయిదింటికి కూడా వచ్చి, ఎందుకు ఊరికే నిలబడ్డారని అడుగుతాడు. 'ఎవరూ మమ్మల్ని పనికి పెట్టుకోలేదు' అంటారు. గంట పని చేసినవాళ్లకూ రోజంతా ఎండలో చేసినవాళ్లకూ ఒక్కో దేనారమే ఇస్తాడు. పొద్దుటివాళ్లు గొణుగుతారు. దానికి యజమాని అన్నమాట తెలుగు బైబిల్లో ఉన్నట్టు ఇంకెక్కడా అంత ఘాటుగా ఉండదేమో: 'నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా?'

ఒక్క దేనారం అంటే ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగడానికి కావలసినంత. పన్నెండో వంతు ఇస్తే పిల్లలు పన్నెండో వంతు ఆకలితో ఊరుకోరు. యజమాని చూసింది గంటలను కాదు, ఆకలిని.

సిలువ మీద యేసు పక్కన వేలాడిన దొంగ కథా అంతే. చేతులకు మేకులు ఉన్నాయి, ఏ మంచి పనీ చేయలేడు. బాప్తిస్మం లేదు, కానుక లేదు, ఒక్క ఆదివారం గుడికి రాలేదు. 'నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు' అన్న మాట వాడికి దొరికింది. అమ్మ గురించి అడిగారు కాబట్టి చెబుతున్నా: యాభై ఏళ్లు ఆమె ఆ యజమానితో పాటు తోటలో ఉంది. దాన్ని ఆమె నష్టం అనుకుంటుందేమో ఒకసారి ఆమెనే అడగండి.

మా ఎదురింట్లో ఉండే అయ్యంగార్ మామి 'ఇది మా శరణాగతే కదా' అంది. నిజమేనా?

ఆ మామి నాకంటే ఎక్కువ చదువుకుని ఉంటుంది. శ్రీవైష్ణవుల్లో రెండు వాదాలు ఉన్నాయి. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకోవాలి, మనిషి ప్రయత్నమూ కొంత కావాలి అనేది వడగలై వాళ్ల మర్కట న్యాయం. పిల్లికూనను తల్లే నోట కరుచుకుని తీసుకుపోతుంది, కూన చేసేదేమీ లేదు అనేది తెంగలై వాళ్ల మార్జాల న్యాయం. తెంగలై సంప్రదాయం నడిచే పార్థసారథి గుడి తిరువల్లిక్కేణిలో ఉంది, మనకు బస్సు దూరం. కృపా, కృషీ అన్న ఈ గొడవ మన నేలకు కొత్తది కాదు.

పోలిక ఉంది. పిల్లికూన బొమ్మ లూథర్ చూసి ఉంటే మురిసిపోయేవాడు. తేడా కూడా ఉంది. పొంతి పిలాతు అనే రోమా అధిపతి కాలంలో, యెరూషలేము బయట జరిగిన ఒక మరణం మీద, ఆ తర్వాతి పునరుత్థానం మీద క్రైస్తవ విశ్వాసం నిలబడుతుంది. బాకీ ఊరికే కొట్టేయలేదు, ఒకరు కట్టారు అని మనం అంటాం. అది తీసేస్తే మన మాటకు నిలిచే చోటు లేదు. మామితో వాదన పెట్టుకోకండి, కాఫీ తాగి వినండి.

కాథలిక్కులు మంచి పనులతో రక్షణ అంటారు కదా? బెసంట్ నగర్ వేళాంగణ్ణి గుడికి నడిచి వెళ్తారు కదా?

వాళ్ల గురించి మనవాళ్లు చెప్పేది సగం తప్పు. కృప ముందు దేవుడి దగ్గర నుంచే రావాలని, దాన్ని ఎవరూ సంపాదించలేరని 1547లో కాథలిక్కుల ట్రెంట్ సభ తీర్మానం కూడా చెప్పింది. గొడవ ఎక్కడంటే, ఆ కృపతో మనిషి లోపల మారుతూ చేసే పనులకు కూడా ఆ నీతిలో పాత్ర ఉందని వాళ్లు అంటారు. నీతి మనకు బయటి నుంచి ఎంచబడుతుంది, పనులు దాని ఫలం మాత్రమే అని మనం అంటాం. ఈ విషయంలో 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో కాథలిక్కులూ లూథరన్ ప్రపంచ సమాఖ్యా ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. 2006లో మెథడిస్టులూ దానితో కలిశారు. తేడాలన్నీ పోలేదు, ఒకరినొకరు శపించుకోవడం మాత్రం తగ్గింది. ఇక పాదయాత్ర గురించి, ఆ నడిచేవాళ్ల మనసులో ఏముందో మనకెలా తెలుసు? మన ఉపవాస కూటాల్లో మొక్కుబడులు లేవా?

బాప్తిస్మం తీసుకోకపోతే రక్షణ లేదా?

మా బాప్టిస్టు సంఘాల బోధ ప్రకారం బాప్తిస్మం రక్షణకు గుర్తు, ఖరీదు కాదు. పెద్దయ్యాక, నమ్మాకే, నీళ్లలో ముంచి ఇస్తాం. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్ సంఘాల్లో చంటిపిల్లలకూ ఇస్తారు, దాన్ని దేవుడి కృప ముందుగా వచ్చిందనడానికి గుర్తుగా చూస్తారు. ఇంకొన్ని సంఘాలు అది లేకుండా రక్షణే లేదంటాయి. దొంగకు దొరికింది కదా అని నేనంటాను.

దశమభాగం ఇవ్వకపోతే శాపమా?

కాదు. 'సణుగుకొనకయు బలవంతముగా కాకయు' ఇమ్మన్నాడు పౌలు. శాపం పేరు చెప్పి వసూలు చేసేవాడు, ఏ పాపపరిహార పత్రాల మీద లూథర్ లేచాడో ఆ దుకాణమే మళ్లీ తెరిచినట్టు. కరెంటు బిల్లు కట్టలేనివాళ్లు అప్పు చేసి కవర్లో పెట్టడం నేను చూశాను, నాకు ఒళ్లు మండింది.

నేను ఉపవాసం ఉన్నాను, రాత్రి ప్రార్థనలకు వెళ్లాను, అన్నీ చేశాను. అయినా దేవుడు నా మాట వినలేదు. ఎందుకు?

దీనికి వాక్యం చెప్పి తప్పించుకోవడం నాకు ఇష్టం లేదు.

మా ఆవిడకు కిడ్నీలు దెబ్బతిన్నాయి. డయాలసిస్‌కు వారానికి మూడుసార్లు ఆటోలో తీసుకెళ్లేవాణ్ణి. అప్పటికి నేను పన్నెండేళ్లుగా ఈ క్లాసులో 'క్రియల వల్ల కాదు, కృప వల్ల' అని చెబుతున్నవాణ్ణి. ఆమె కోసం ఇరవై ఒక్క రోజులు ఒంటిపూట ఉన్నాను. బీపీ మాత్రలు పరగడుపున పడక రెండుసార్లు కళ్లు తిరిగి పడ్డాను. ఇరవై రెండో రోజు రిపోర్టు చూస్తే ఏ మార్పూ లేదు. ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని నేను దేవుడితో అన్న మొదటి మాట, 'నేను ఇంత చేశానే' అని. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే సిగ్గేసింది. యేసు చెప్పిన ఇంకో కథలో, ఆలయంలో నిలబడి 'వారమునకు రెండు మారులు ఉపవాసము చేయుచున్నాను, పదియవ వంతు చెల్లించుచున్నాను' అని లెక్క చదివిన పరిసయ్యుడు, అంటే ఆచారాలు గట్టిగా పాటించే యూదుడు, పరాయివాడు కాడు. ఆ రోజు నా చొక్కా వేసుకుని అక్కడే కూర్చున్నాడు.

ఆమె తర్వాత ఎనిమిది నెలలు బతికింది. ఆ ఎనిమిది నెలలూ నేను దేవుడితో పెద్దగా ఏమీ మాట్లాడలేదు. ఆ కథలోనే దూరంగా నిలబడిన సుంకరి, అంటే పన్ను వసూలు చేసేవాడు, చేసిన ప్రార్థన ఒక్కటి ఆటోలో అనుకునేవాణ్ణి, 'దేవా, పాపినైన నన్ను కరుణించుము' అని. ఆమె ఎందుకు బాగుపడలేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఉపవాసం తక్కువై కాదని మాత్రం తెలుసు. మీతో ఎవరైనా 'మీ విశ్వాసం చాలలేదు' అంటే, వాళ్లు కృప అనే మాట పలుకుతూ మళ్లీ ఖాతా పుస్తకమే తెరుస్తున్నారు.

నా విశ్వాసం చాలా బలహీనం. రోజూ అనుమానాలే. నాకు రక్షణ ఉందా?

ఐసీఎఫ్‌లో ముప్పై ఏళ్లు కోచ్‌ల దగ్గర పనిచేసినవాడిగా ఒక మాట చెబుతాను. పెరంబూర్‌లో అరక్కోణం లోకల్ ఎక్కినవాళ్లలో ఒకడు ఎక్కగానే గురక పెడతాడు. ఇంకొకడు ప్రతి స్టేషన్‌లో తొంగి చూసి, సరైన బండే ఎక్కామా అని పదిమందిని అడుగుతాడు. ఇద్దరూ ఒకే టైముకు దిగుతారు. మోసేది కోచ్ కిందున్న చక్రాలు, మీ ధైర్యం కాదు. మార్కు సువార్తలో ఒక తండ్రి 'నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము' అన్నాడు. ఒకే ఊపిరిలో రెండూ. అతని కొడుకు బాగుపడ్డాడు.

ఒకసారి వచ్చిన రక్షణ పోతుందా?

లూథర్ తర్వాతి తరం సంస్కర్త కాల్విన్ దారిలో నడిచేవాళ్లు పోదంటారు, మెథడిస్టులూ పెంతెకొస్తువాళ్లలో చాలామందీ విడిచిపెట్టేస్తే పోతుందంటారు. 1618లో నెదర్లాండ్స్‌లో డోర్ట్ సభ కూర్చున్నప్పటి నుంచీ ఈ గొడవ తెగలేదు, మా క్లాసులో టీ అయిపోయేలోగా తెగదు.

మా అమ్మమ్మ క్రైస్తవురాలు కాదు. చాలా మంచి మనిషి. ఆమె సంగతేంటి?

ఈ ప్రశ్న అడిగినవాళ్ల గొంతు ఎప్పుడూ చిన్నబోతుంది. క్రైస్తవులందరూ దీనికి ఒకటే జవాబు చెప్పరు. క్రీస్తును ఎరిగి నమ్మకుండా రక్షణ లేదని మనలాంటి సంఘాల్లో ఎక్కువమంది బోధిస్తారు. తమ తప్పు లేకుండా సువార్త ఎరగనివాళ్లు, దేవుణ్ణి నిజంగా వెదికితే, రక్షణ పొందవచ్చని 1964లో కాథలిక్ సంఘం రెండో వాటికన్ సభలో చెప్పింది. నేను ఎవరి అమ్మమ్మకూ తీర్పు రాయను. ఆ కుర్చీ నాది కాదు. మంచితనంతోనే ఎవరైనా నిలబడగలరని నేను చెప్పను, ఎందుకంటే నేను నిలబడలేను. నన్ను కరుణించినవాడు నాకంటే కఠినుడు కాడని మాత్రం నమ్ముతాను.

మాకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. క్లాసుకు రావచ్చా?

రండి. సగం మంది తమిళ బైబిలు తెచ్చుకుని తెలుగులో వాదిస్తారు. రోమా 4 చదివేటప్పుడు తెలుగులో 'ఎంచబడెను' అన్నచోట మీ పుస్తకంలో ఏముందో మీరే పైకి చదివి వినిపించండి, నాకూ వినాలని ఉంటుంది. క్లాసు ఆరాధన కాగానే, పదకొండున్నరకు. మెట్లు కాస్త నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద గదిలో కూర్చుంటే మేమే దిగి వస్తాం.